పెరటిలో క్యారెట్టు సాగు

(విజయవాడ కేంద్రమునుండి ప్రసారమైన ప్రసంగ పాఠము)

కృష్ణా తీరమున నివసించు మనకు కూరగాయల పెంపకము క్రొత్త విద్య కాదు. కంచెమీద దొండపాదు, పాకమీద సొరపాదు, బావిగట్టున బచ్చలి, నీరు పారుచోట చేమ, మూలను ఒక మునగచెట్టు. ఇవి లేని పెరడు పూర్వము డెల్టా గ్రామములలో అరుదు. దుంపకూరలును మనకు క్రొత్త కావు. దుగ్గిరాల, కొల్లిపర ప్రాంతముల రైతులు పసుపు, కంద పండించుటలో తరతరములుగా ఆరితేరినవారు. అయినను ఒక్క దుంప మాత్రము మన పెరళ్లకు ఇంకను అలవాటు కాలేదు. అది క్యారెట్టు. మన బజారులలో అమ్ముడగు క్యారెట్టు చాలవరకు నీలగిరి కొండలనుండియు, కర్ణాటక పీఠభూమినుండియు లారీలమీద వచ్చుచున్నది.

దీనికి అందరును చెప్పు కారణము ఒక్కటే: "అది చలిప్రదేశపు పంట, మన ఉక్కలో పండదు." ఈ మాటలో సగము మాత్రమే నిజమున్నది. విత్తనముల పొట్లము కొని, తోటకూర చల్లినట్లు చల్లి, మూడు నెలలు నీరు పోసి, తీరా పెరికి చూచువేళకు చేతివ్రేళ్లవలె చీలిన దుంపలో, ఎలుకతోకలవంటి సన్నని వేళ్లో దొరికినవారు మనలో పలువురు కలరు. అట్టివారు రెండవసారి ఆ జోలికి పోరు. కాని ఆ వైఫల్యములను నిదానముగా పరిశీలించినచో, చాలవరకు దోషము ఎండది కాదు, నేలది. విత్తనమునది కాదు, విత్తిన తేదీది. క్యారెట్టుకు కావలసినవి రెండు: క్రిందికి ఒక జానెడు మెత్తని నేల, సంవత్సరములో మూడు చల్లని నెలలు. ఈ రెండును డెల్టాలోని ఏ గృహస్థుడైనను సమకూర్చుకొనగలడు. ఎట్లు సమకూర్చుకొనవలెనో తెలుపుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

అంగడిలో సులభముగా దొరకు కూరకు ఇంత శ్రమ ఏల అని మీరు అడుగవచ్చును. మన దేశమున చిన్నపిల్లల కంటిచూపును హరించు లోపములలో ఏ-విటమిను లోపము ముఖ్యమైనది. తొలుత అది రేచీకటిగా కనబడును. సాయంకాలము దీపము పెట్టువేళకు బిడ్డ తడుములాడును. ముదిరినచో నల్లగ్రుడ్డు చెడి శాశ్వతముగా అంధత్వము కలుగును. ఈ లోపముపై విశేష పరిశోధన చేసిన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, 1918లో నీలగిరులలోని కూనూరులో మెకారిసన్ అను వైద్యుడు ఒక్క గదిలో ప్రారంభించిన ప్రయోగశాలనుండి పెరిగినది. 1958లో అది హైదరాబాదునకు తరలివచ్చెను. పిల్లలకు ఏ-విటమిను మందును ఆరు నెలలకొకసారి నోటిలో పోయు జాతీయ కార్యక్రమము 1970లో ఆరంభమయ్యెను. ఆ మందు ఆపదను ఆపును. కాని ప్రతిదినము కంచములో ఉండవలసినది ఆహారమే.

ఇచ్చట ఒక మాట స్పష్టము చేయవలెను. క్యారెట్టు ఒక్కటే కంటికి మందు అనుకొనుట పొరపాటు. మన మునగాకు, తోటకూర, పొన్నగంటికూర మొదలగు ఆకుకూరలలో కూడ కెరోటిను అను పదార్థము సమృద్ధిగా ఉన్నది. శరీరము ఆ కెరోటినునే ఏ-విటమినుగా మార్చుకొనును. క్యారెట్టులోని పసిమి వన్నెకు కారణము కూడ అదే. కళ్లజోడు పెట్టుకొనువారు క్యారెట్టు తిన్నచో జోడు తీసివేయవచ్చునను మాటలో నిజము లేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటనులోని ఆహార మంత్రిత్వశాఖ ఈ దుంపను "డాక్టర్ క్యారెట్" అను బొమ్మగా గీయించి, ఇంటింట దీనిని వాడుడని ప్రచారము చేయించెను. రాత్రివేళ శత్రువిమానములను కూల్చు వైమానికుల చూపునకు క్యారెట్టే కారణమను కథయు ఆ దినములలోనే వ్యాపించెను. నిజమునకు వారికి తోడ్పడినది రాడారు యంత్రము. ఉన్న లోపమును తీర్చుటయే క్యారెట్టు చేయు పని; లేని శక్తిని అది ఈయజాలదు.

మరి ఆకుకూరలు ఉండగా ఈ దుంప ఏల? ఆకుకూర కంచములో వేసినచో ముఖము త్రిప్పుకొను పిల్లలు తీయని పచ్చి దుంపను కరకర నమిలెదరు. తల్లులందరు ఎరిగిన సంగతియే ఇది. అప్పుడే పెరికిన క్యారెట్టులో ఉండు తీపి, నాలుగైదు దినములు లారీలోను, దుకాణములోను వాడిన దానిలో ఉండదు. పెరటి క్యారెట్టుకు గల అసలు విలువ ఈ తాజాతనమే.

ఇక మొక్క సంగతి చూతము. క్యారెట్టు మన వంటింటి దినుసులకు దగ్గరి చుట్టము. ధనియాలు, జీలకర్ర, వాము, సోపు, క్యారెట్టు ఒకే కుటుంబమునకు చెందినవి. క్యారెట్టు ఆకు నలిపి వాసన చూచినచో ఆ బంధుత్వము తెలియును. దీని పుట్టినిల్లు ఆఫ్ఘనిస్థాన్ పరిసర భూములని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. తొలుత పండించిన దుంపలు ఊదావన్నెవి, పసుపువన్నెవి. నేడు మనము చూచు నారింజవన్నె దుంప ఐరోపాలో, ముఖ్యముగా హాలండు దేశమున, 17వ శతాబ్దికి స్థిరపడినది. తెలుగున దీనికి గాజరగడ్డ అను పాతపేరు కూడ కలదు.

ఈ మొక్క శరీరధర్మము తెలిసినచో సాగులో సగము తెలిసినట్లే. కంద, పసుపు, చేమ అనునవి నిజమునకు వేళ్లు కావు. అవి భూమిలో ఊరిన కాండములు. అవి ఉన్నచోటనే ఉబ్బుచు, మట్టిని ప్రక్కలకు త్రోసికొని పెరుగును. అందుచేత కొంత బరువైన నేలలోనైనను అవి నెట్టుకొని రాగలవు. క్యారెట్టు అట్లు కాదు. అది తల్లివేరు. మొలక పైకి రెండాకులు చూపునప్పటికే దాని వేరు దారపుపోగువలె సూటిగా క్రిందికి దిగుచుండును. తొలి మూడు నాలుగు వారములలో అది తన పొడవును చాలవరకు నిర్ణయించుకొనును. ఆ తరువాతనే లావు ఎక్కుట. దిగునప్పుడు దాని సన్నని కొనకు రాయియో, ఇటుకముక్కయో, గట్టి మట్టిపెళ్లయో అడ్డు తగిలినచో, లేక కొన చచ్చినచో, ప్రక్కవేళ్లు రెండు మూడు ఆ పనికి పూనుకొనును. మనము చూచు చీలిన దుంప ఇట్లు ఏర్పడునదే. వంగ, మిరపవలె నారుపోసి పీకి నాటరాదని చెప్పుటకును కారణము ఇదే. పీకుటలో కొన తెగును. తెగినచో దుంప చీలును. క్యారెట్టును పెరుగవలసిన చోటనే విత్తవలెను.

ఇప్పుడు మన నేలవైపు చూడుడు. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైనప్పటినుండి కాలువల నీటితో మన సీమ వరిసీమగా మారెను. నల్లరేగడి వరికి వరము. తడిసినప్పుడు ఉబ్బి జిగురగును. ఎండినప్పుడు బిగిసి పగుళ్లు విచ్చును. సంవత్సరముల తరబడి దమ్ము చేసిన పొలములో పైమట్టి క్రింద గట్టిపొర ఒకటి ఏర్పడియుండును. నీటిని నిలుపుటకు వరికి ఆ పొర మేలు. క్యారెట్టు వేరునకు అదే అడ్డుగోడ. పట్టణములలో చిక్కు మరియొకటి. పల్లపు పొలములలో ఇండ్లు కట్టుకొనునప్పుడు మెరక పోయుదుము. ఆ మెరకలో గ్రావెలు, ఇటుకముక్కలు, పాతగచ్చు పెళ్లలు ఉండును. పైకి చదునుగా కనబడు పెరటిలో గునపము దించినచో నాలుగంగుళములకే ఖంగుమనును. అట్టిచోట ఎంత మంచి విత్తనము వేసినను ఫలమేమి?

దీనికి మార్గము నేలతో పోరాడుట కాదు, నేలపైన మరియొక నేల ఏర్పరచుట. దినమునకు ఆరు గంటలైన ఎండ తగులుచోట 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల ఎత్తుమడి వేయవలెను. వెడల్పు 3 అడుగులు మించరాదు. అప్పుడే ఇరుప్రక్కలనుండి చేయి అందును. మడిలో కాలు పెట్టి త్రొక్కవలసిన పని ఉండదు. ముందుగా అడుగున ఉన్న మట్టిని పారతో ఒక జానెడు త్రవ్వి గుల్లచేసి, రాళ్లు ఏరివేయవలెను. ఆపైన ఇటుకలో, తాటిదుంగలో, పాతపలకలో అంచుగా నిలిపి, ఒక అడుగు ఎత్తున క్రొత్త మిశ్రమము నింపవలెను. మిశ్రమము పాళ్లు ఇవి: ఇసుకపాలు గల ఒండ్రుమట్టి రెండు పాళ్లు, పూర్తిగా చివికిన పశువుల ఎరువు లేక వానపాముల ఎరువు ఒక పాలు, జల్లెడ పట్టిన పెరటిమట్టి ఒక పాలు. పైన చెప్పిన మడికి మొత్తము 30 ఘనపుటడుగుల మిశ్రమము పట్టును. అంతయు ఇసుక జల్లెడలో దిగినదై ఉండవలెను.

రేగడిలో రెండు తట్టల ఇసుక కలిపినచో చాలునని కొందరు తలచెదరు. అట్లు చేసినచో మట్టి గుల్లబారుటకు బదులు గట్టిపడు ప్రమాదమున్నది. ఇసుకపాలు ఎక్కువగా ఉండవలెను, దానికి తోడు చివికిన ఎరువు ఉండవలెను. నదిలోని లంకలలోను, నది ఒడ్డు గ్రామములలోను ఉండు ఇసుకపాటి ఒండ్రు ఈ పంటకు సహజముగనే అనుకూలము. అట్టి నేల ఉన్నవారు అదృష్టవంతులు. వారికి ఈ శ్రమలో సగము తప్పును.

మట్టి తెచ్చుకొనుటలో ఒక హెచ్చరిక. పట్టణము నడుమ పారు ఏలూరు, బందరు, రైవస్ కాలువలలోని పూడికమట్టి నల్లగా, సారవంతముగా కనబడును. కాని మురుగునీరు కలియు చోటుల మట్టిని క్యారెట్టు మడికి తేరాదు. ఇది పచ్చిగా తిను దుంప. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేటి వరద ముంచిన పేటలలోని పెరళ్లకును ఈ మాట వర్తించును. మురుగు కలిసిన వరద నిలిచిన పైమట్టిని అట్లే ఉంచి పచ్చికూరలు పండించుకంటె, ఎత్తుమడి వేసి శుభ్రమైన మట్టి నింపుట క్షేమము.

పెరడు లేనివారు నిరాశపడనక్కరలేదు. మేడమీద ఎండ ఉన్నచో, కనీసము 12 అంగుళముల లోతు గల తొట్టిలోనైనను, పాత బకెట్టులోనైనను, అడుగున నీరు కారు రంధ్రములు చేసి, ఇదే మిశ్రమము నింపి పండింపవచ్చును. తొట్టికి లోతు ముఖ్యము. వెడల్పైన నిస్సారపు పళ్లెములో ఆకు పెరుగును, దుంప పెరుగదు.

తరువాతది కాలము. క్యారెట్టు దుంప బాగుగా ఊరుటకును, వన్నె తేరుటకును 15 నుండి 20 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి మేలైనది. మన విజయవాడలో డిసెంబరు, జనవరి మాసములలో పగలు 30 డిగ్రీల దాపునను, రాత్రి 20 డిగ్రీల దాపునను ఉండును. అనగా మన శీతకాలము ఈ మొక్క కోరు చల్లదనమునకు కొంచెము తక్కువే. అయినను తగిన రకమును ఎన్నుకొన్నచో ఆ చలి చాలును. కాని తేదీ విషయమున ఉదారత చూపుటకు వీలులేదు. జనవరిలో విత్తినచో దుంప ఊరువేళకు మార్చి ఎండ వచ్చి కూర్చుండును. అప్పుడు దుంప వెలవెలబోయి, నడుమ కట్టెబారి, చేదెక్కును. వేసవిలో విత్తుట విత్తనమును వృథాచేయుటయే.

దీపావళి పోయిన పిదప, కార్తీకమాసము విత్తుటకు అనువైన కాలము. మొత్తము విత్తనము ఒకేసారి విత్తక, 15 దినముల ఎడముతో మూడు దఫాలుగా, డిసెంబరు మొదటివారము దాటకుండ విత్తినచో మాఘ, ఫాల్గుణ మాసములలో వరుసగా దుంపలు చేతికి వచ్చుచుండును. అయితే నవంబరు మన తీరమునకు తుఫానుల మాసము కూడ. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మన జిల్లా మరువలేదు. అంతటి విపత్తు రాకపోయినను, రెండు దినముల ముసురు చాలును చదునైన మడిలోని విత్తనము కొట్టుకొనిపోవుటకు. మడి ఎత్తుగా ఉండవలెననుటకు ఇది రెండవ కారణము. ముసురు పట్టు సూచన ఉన్నప్పుడు విత్తుట నాలుగు దినములు ఆపుట మంచిది.

రకముల మాట. మన మైదానములలో పూసా కేసర్, పూసా మేఘాలి, పూసా రుధిర మొదలైన రకములు ఎండను కొంత ఓర్చును. వీనిలో కేసర్, రుధిర ఎర్రవన్నెవి, మేఘాలి నారింజవన్నెది. జపాను దేశపు కురోడా తరగతి రకములును వేడిని కొంత సహించును, దుకాణములలో దొరకును. నాంటిస్ అను ఐరోపా రకము మిక్కిలి మృదువు, తీపి. కాని దానిని నడి శీతకాలమునకు సరిగా అందునట్లు విత్తవలెను. "పూసా" అను పేరునకు ఒక చరిత్ర ఉన్నది. 1905లో బీహారులోని పూసా గ్రామమున స్థాపింపబడిన వ్యవసాయ పరిశోధన సంస్థ, 1934 నాటి భూకంపములో భవనములు దెబ్బతినగా, 1936లో ఢిల్లీకి తరలెను. ఊరు మారినను పేరు మారలేదు. ఆ సంస్థ రూపొందించిన రకములు నేటికిని ఆ పేరుతోనే వచ్చుచున్నవి. కేసర్ అను రకము దేశవాళి ఎర్రదుంపకును నాంటిస్‌కును సంకరము.

విత్తనము కొనునప్పుడు పొట్లముమీది తేదీ చూడవలెను. ఈ విత్తనము త్వరగా సత్తువ కోల్పోవును. రెండు మూడు సంవత్సరములనాటిది మొలచునను నమ్మకము లేదు. గింజ మిక్కిలి సన్నము. ఒక గ్రామునకు 700, 800 గింజలు తూగును. మన మడికి 2 గ్రాములు చాలును. విత్తుటకు ముందు రాత్రి పలుచని గుడ్డలో మూటగట్టి నీటిలో నానవేసి, ఉదయము నీడను ఆరబెట్టి, ఐదురెట్ల పొడి ఇసుకతో కలుపవలెను. ఇసుక కలిపినందువలన గింజలు ఒకచోట కుప్పపడవు. మడి పొడవునకు 8, 9 అంగుళముల ఎడముతో నాలుగు సాళ్లు, అరయంగుళము లోతునకు మించకుండ వ్రేలితో గీచి, ఇసుక కలిపిన గింజను పలుచగా రాల్చి, మెత్తని ఎరువుతో కప్పి, అరచేతితో మెల్లగా అదుమవలెను.

అనుభవము లేనివారు ఓపిక కోల్పోవునది ఈ ఘట్టముననే. ముల్లంగి మూడు నాలుగు దినములలో మొలచును. క్యారెట్టు అట్లు కాదు. ధనియాలవలె తాపీగా లేచును. వారము మొదలు రెండు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు పైగాను పట్టును. ఆ కాలమంతయు పైమట్టి ఒక్క పూటయైన ఎండరాదు. ఎండినచో పైన పొక్కు కట్టును. ఆ సన్నని మొలక దానిని చీల్చుకొని రాలేదు. కావున విత్తిన వెంటనే తడిపిన గోనెపట్టాను గాని, పలుచని వరిగడ్డిని గాని మడిపై కప్పి, ఉదయసాయంకాలములు సన్నని చిల్లుల డబ్బాతో చిలుకరింపవలెను. ఆరవ దినమునుండి ప్రతి ఉదయము పట్టా ఎత్తి చూడవలెను. మొలక ఒక్కటి కనబడినను పట్టా తీసివేయవలెను; ఒక దినము ఆలస్యమైనను మొలకలు పాలిపోయి వాలిపోవును. ప్రతి సాలులోను అక్కడక్కడ నాలుగైదు ముల్లంగి గింజలు కలిపి విత్తుట మంచి ఉపాయము. అవి ముందు లేచి నేలను చీల్చి దారి చేయును, సాలు ఎక్కడ ఉన్నదో చూపును, క్యారెట్టునకు చోటు కావలసిన నాటికి కూరకు వచ్చి మడి ఖాళీచేయును.

మొక్కలు మూడు వారములవై మూడంగుళములు ఎదిగిన పిదప పలుచన చేయవలెను. గృహిణులకు ఇది కష్టముగా తోచును. ప్రాణముతో ఉన్న మొక్కను పీకివేయుటకు మనసొప్పదు. కాని దగ్గరదగ్గరగా ఉన్న పది మొక్కలు పది ఎలుకతోకలను ఇచ్చును. ఎడముగా ఉన్న మూడు మొక్కలు మూడు దుంపలను ఇచ్చును. తొలిసారి అంగుళమునకొకటి ఉండునట్లును, ఐదారు వారములకు రెండవసారి రెండున్నర అంగుళములకొకటి ఉండునట్లును ఏరివేయవలెను. మడిని ముందు తడిపి, సాయంకాలము వేళ ఏరి, మిగిలిన మొక్కల మొదళ్ల చుట్టు మట్టి అదుమవలెను. రెండవసారి తీసిన లేతవేళ్లు, ఆకులు వృథా కావు. పప్పులోనికి, పచ్చడిలోనికి పనికివచ్చును.

నీటి విషయమున సూత్రము ఒక్కటే: సమముగా ఉండవలెను. పది దినములు ఎండబెట్టి ఒక దినము మడి నిండ నీరు పెట్టినచో, లోపలి కండ ఒక్కసారిగా ఉబ్బి దుంప నిలువున పగులును. ఎల్లప్పుడు బురదగా ఉంచినచో దుంపకు వెండ్రుకలవంటి పిల్లవేళ్లు పుట్టును, కుళ్లు పట్టును. వ్రేలు రెండు కణుపుల లోతు గ్రుచ్చి చూచినప్పుడు తేమ తగులుచుండవలెను, బురద అంటరాదు. మచిలీపట్నము, అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతములవారు మరియొక జాగ్రత్త పాటింపవలెను. క్యారెట్టు ఉప్పును ఓర్వలేని మొక్క. బోరునీరు ఉప్పనైనచో దానిని వాడక, కాలువనీటినో, చెరువునీటినో, నిలువచేసిన వాననీటినో వాడవలెను.

ఎరువు పెట్టుటలో చేయి బిగించుటే మేలు. పచ్చిపేడ, సగము చివికిన ఎరువు వేసినచో వేళ్లు చీలును. యూరియా చల్లినచో చూపునకు ఇంపుగా ఆకు గుబురుకట్టును. క్రింద దుంప ఉండదు. మడి వేయునప్పుడు కలిపిన చివికిన ఎరువు, అరకిలో వేపపిండి, నెల దాటిన పిదప సాళ్ల నడుమ చల్లిన నాలుగు పిడికెళ్ల కట్టెల బూడిద చాలును. దుంప భుజములు మట్టిపైకి తేలి ఎండ తగిలినచో ఆ భాగము పచ్చబడి చేదెక్కును. అప్పుడప్పుడు మట్టి ఎగదోయుచుండవలెను.

పురుగులకంటె నేలలోని శత్రువులే ఈ పంటకు ముఖ్యులు. వేళ్లమీద ముడుపులవలె బుడిపెలు కనబడినచో అది నులిపురుగుల పని. వంగ, టమాటా, బెండ పండించిన మడిలో ఇవి ఎక్కువగా ఉండును. అట్టి మడిలో వెంటనే క్యారెట్టు విత్తక, ఒక దఫా బంతి వేయుటయు, మే నెల ఎండలో మట్టిని తిరగవేసి కాగనిచ్చుటయు మంచిది. ఇక డెల్టా పెరళ్లలో పందికొక్కు సంగతి చెప్పనక్కరలేదు. తీపి దుంప వాసన పట్టినచో ఒక్క రాత్రిలో సాలు ఖాళీయగును. మడి అడుగున సన్నకండ్ల ఇనుపవల పరచి అంచులకు ఎత్తి కట్టుట మందులు పెట్టుటకంటె క్షేమము. వల జానెడు లోతునకు క్రిందుగా ఉండవలెను, లేనిచో వేరునకు అదే అడ్డగును.

విత్తిన 80 నుండి 110 దినములలో, రకమును బట్టి, పంట సిద్ధమగును. మట్టి కొంచెము తొలగించి చూచినప్పుడు దుంప తల అంగుళము వెడల్పు ఉన్నచో పెరుకవచ్చును. ముందటి దినము మడి తడిపి, ఆకుల మొదలు పట్టి నిలువుగా లాగవలెను. ఇంకను లావగునను ఆశతో ఎండకాలమువరకు ఉంచరాదు. పెరికిన వెంటనే ఆకును కోసివేయవలెను; లేనిచో అది దుంపలోని తేమను పీల్చివేయును.

మడికి నాలుగు సాళ్లు, సాలునకు సుమారు 48 దుంపలు. నాలుగవవంతు పోయినదనుకొన్నను 140 దుంపలకు తక్కువ కాదు. దుంప 50 గ్రాములు తూగినను 7 కిలోలు. ముగ్గురు నలుగురున్న ఇంటికి కొన్ని వారములపాటు చాలు కూర ఇది. దీనిని వండుటలో ఒక మెలకువ ఉన్నది. కెరోటిను క్రొవ్వుతో కలిసినప్పుడే శరీరమునకు బాగుగా అందును. కావున ఇగురులోనో, పప్పులోనో, నానిన పెసరపప్పుతో కలిపిన కోరులోనో చెంచాడు నూనెపోపు ఉండవలెను. పాలు, నేయి చేర్చిన హల్వాకు ఈ విషయములో వంక పెట్టనక్కరలేదు.

తొలి సంవత్సరమున పెరికిన దుంపలన్నియు నున్నగా ఉండకపోవచ్చును. అప్పుడు వానిని పారవేయక పరచి చూడుడు. దుంప చీలినదా, నేలలో రాయి గాని పచ్చిఎరువు గాని ఉన్నది. పగిలినదా, నీరు సమముగా పెట్టలేదు. వెండ్రుకలు పుట్టినవా, నీరు ఎక్కువైనది. సన్నగిల్లినదా, పలుచన చేయలేదు. వెలిసి కట్టెబారినదా, ఆలస్యముగా విత్తినారు. ప్రతి దుంపయు తాను పెరిగిన నేల కథ తానే చెప్పును. ఆ కథ చదువుకొన్నవారికి రెండవ సంవత్సరమున పంట తప్పదు.

విత్తనము మాత్రము ఇంట కట్టుకొనవలెనని ప్రయత్నింపవద్దు. ఐరోపా రకములు పూయవలెనన్న కొన్ని వారములపాటు 10 డిగ్రీలలోపు చలి తగులవలెను. అది మన మైదానములో లేదు. అందుచేత ఆ రకముల విత్తనము కొండప్రాంతములనుండి రావలసినదే. ఎర్రరకములు మైదానములో పూచి గింజ కట్టగలవు. కాని ఆ పని ఉత్తరదేశపు చలిలో సాగినంత సుకరముగా మనకడ సాగదు.

కావున వేసవిలో మట్టి ఎండబెట్టి, వర్షాకాలములో ఎరువు చివుకనిచ్చి, దసరా నాటికి మడి సిద్ధము చేసికొని, దీపావళి దాటినంతనే విత్తనము వేయుడు. సందేహములున్నచో ఘంటసాల, గరికపాడులలోని కృషి విజ్ఞాన కేంద్రములను గాని, వెంకటరామన్నగూడెములోని ఉద్యాన విశ్వవిద్యాలయమును గాని సంప్రదింపవచ్చును. మొదటి సంవత్సరమునకు ఒక్క మడి చాలును. దానిని పలుచన చేయు పని, నీరు చిలుకరించు పని ఇంటి పిల్లలకు అప్పగింపుడు. తాము పెంచిన దుంపను తినుమని వారిని బ్రతిమాలవలసిన పని ఉండదు.